2,200 కిలోమీటర్లలో లీటరున్నర ఆయిల్ తాగితే "నార్మలే సార్" అట!

ఇప్పుడే ఒక జాబ్ కార్డ్ (సర్వీస్ సెంటర్ వాళ్ళు మన కంప్లైంట్, చేసిన పని రాసే కాగితం) ఫోటో చూశా, ఒళ్ళు మండిపోతోంది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే ఫ్యాన్) ఉన్న పెట్రోల్ బండి, కొని ఎనిమిది నెలలు కూడా కాలేదు. 5,000 దగ్గర ఆయిల్ మార్చారు. 7,200 వచ్చేసరికి ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ కొసన తడి లేదు. ఓనర్ లబోదిబోమంటూ సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తితే కంప్లైంట్ గడిలో ఏం రాశారో తెలుసా? "జనరల్ చెకప్". కింద "ఆయిల్ టాపప్ 1.5 లీ., ఓకే". దానికి బిల్లు కూడానూ! ఇదేంటి బాబూ అంటే, "కొత్త ఇంజన్ కదా సార్, సెట్ అవ్వాలి. నార్మలే."

పిస్టన్ చుట్టూ ఉండే రింగులు సిలిండర్ బోర్‌లో సర్దుకునేదాకా కొత్త ఇంజన్ కాస్త తాగుతుంది, కాదనను. కానీ అది పోనుపోనూ తగ్గాలి. ఇక్కడ వెయ్యికి దాదాపు 700 మిల్లీ పోయింది. గట్టిగా అడిగితే మాన్యువల్ తీస్తారు, వెయ్యి కిలోమీటర్లకి లీటరు దాకా పర్లేదని చాలా కంపెనీలు రాసుకున్నాయి మరి. ఆ లెక్కన పదివేలకోసారి సర్వీస్ అంటే మధ్యలో పది లీటర్లు పొయ్యాలి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు పట్టేదే నాలుగు!

"ఆయిల్ లైట్ వెలగలేదు కదా సార్" అంటాడు ఇంకో మేధావి. అయ్యా, ఆ ఎర్ర లైట్ లెవెల్‌ది కాదు, ప్రెషర్‌ది. అది వెలిగిందంటే బేరింగులకి నూనె అందట్లేదని. అప్పుడు బండి పక్కకి తీసి ఇంజన్ ఆపి టోయింగ్‌కి ఫోన్ చేయడమే.

ఆయిల్ పోతే రెండే దారులు, కారాలి లేదా కాలాలి. లిఫ్ట్ మీద పెట్టి డ్రైన్ బోల్ట్, ఫిల్టర్ సీల్, క్రాంక్ సీళ్ళు, వాల్వ్ కవర్ చూడ్డానికి పది నిమిషాలు. అంతా పొడిగా ఉంటే కాలుతున్నట్టే. అప్పుడు ముందు చూడాల్సింది పీసీవీ (ఇంజన్ లోపలి ఆవిర్లని మళ్ళీ గాలి దారిలోకి పంపే వాల్వ్), ఎందుకంటే అదే చవక. ఇంజన్‌కి గాలి వెళ్ళే ఇంటేక్ గొట్టం ఊడదీసి గుడ్డ పెడితే నూనె చారెడు వచ్చిందా? పీసీవీ గానీ టర్బో సీల్ గానీ. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క బుస్సుమని నీలం పొగ వదిలితే వాల్వ్ సీళ్ళ మీద అనుమానం. తొక్కినంతసేపూ పొగే అయితే రింగులు లేదా టర్బో. పొగ కనబడలేదని ధీమా వద్దు, కొద్దికొద్దిగా కాలేదాన్ని సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ మింగేస్తుంది. నూనెలోని ఫాస్ఫరస్‌తో కొన్నాళ్ళకి అదీ పోతుంది.

"కంప్రెషన్ టెస్ట్ చేశాం, బాగుంది" అనేది ఇంకో చెవిలో పువ్వు. కంప్రెషన్ అంటే సిలిండర్‌లో గాలి నొక్కుడు, దాన్ని పట్టేది పై రెండు రింగులు. నూనె గీకేది మూడోది. దాని వెనక కన్నాలు కార్బన్‌తో పూడుకుపోయినా మీ గేజ్ బ్రహ్మాండంగానే చూపిస్తుంది. టయోటా 2.4 లీటర్ల 2ఏజడ్-ఎఫ్‌ఈ ఇంజన్ కథ ఇదే. 2007-09 కామ్రీలకి అమెరికాలో చివరికి 2015లో పిస్టన్లు, రింగులు ఊరికే మార్చే ప్రోగ్రామ్ పెట్టారు. (అక్కడికెళ్ళిన మన పిల్లలు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవీ ఇలాంటివే, డిప్‌స్టిక్ చూసుకోండ్రా నాయనా.) అక్కడ గీత 1,200 మైళ్ళకి ఒక క్వార్ట్, అంటే వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు. ఆ గీతకి ఈ బండి ఫెయిల్. ఇక్కడ మాత్రం నార్మల్!

"ఆయిల్ కన్సంప్షన్ టెస్ట్ కావాలి" అని మెయిల్లో రాసి అడగండి, నోటిమాట వద్దు. పాత ఆయిల్ దించి, కొత్త ఫిల్టర్ వేసి, మాన్యువల్ చెప్పిన గ్రేడే తూచి పొయ్యాలి. డ్రైన్ బోల్ట్‌కి, ఫిల్లర్ మూతకి, డిప్‌స్టిక్‌కి పెయింట్ గుర్తు. వెయ్యి కిలోమీటర్లు తిప్పి, అదే చోట, ఇంజన్ అంతే వేడి మీద, అంతేసేపు ఓడ్చి మళ్ళీ తూకం. లీటరు సుమారు 850 గ్రాములు. టెస్ట్‌కి సిటీ ట్రిప్పులు పనికిరావు. చిన్న ట్రిప్పుల్లో పెట్రోల్ ఆయిల్లో కలిసి లెవెల్ నిలబడ్డట్టే ఉంటుంది, విజయవాడ హైవే ఎక్కగానే పెట్రోల్ ఆవిరై అసలు రంగు బయటపడుతుంది.

"సేఫ్టీకి అర లీటరు ఎక్కువ పోస్తాం సార్" అంటే చెయ్యి పట్టుకుని ఆపండి. ఎక్కువైతే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దాన్ని చిలికి నురగ చేస్తుంది, పీసీవీ ఆ నూనెని ఇంటేక్‌లోకి లాగి కాల్చేస్తుంది.

అసలు ఆయిల్ సంగతి పక్కన పెట్టండి. ఏళ్ళుగా నా కడుపుమంట ఆ "జనరల్ చెకప్" మీద. ఏసీ చల్లబడట్లేదన్నా జనరల్ చెకప్, గేర్ పడట్లేదన్నా జనరల్ చెకప్. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డికి అన్నట్టు. వారంటీ అయిపోయాక "మీరు ముందెప్పుడూ చెప్పలేదే" అనడానికే ఈ రాతలు. 7,200 తిరిగిన బండికి డీకార్బనైజింగ్ (ఇంజన్ మసి వదిలించే) ప్యాకేజీ మాత్రం స్పెల్లింగ్ తప్పు లేకుండా రాస్తారు! కంప్లైంట్ మీ మాటల్లో, రీడింగ్‌తో, పోసిన మిల్లీలీటర్లతో రాసేదాకా సంతకం పెట్టకండి. బండికి కట్టింది 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, గడువు రెండేళ్ళు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఎక్కడికెళ్ళినా మొదట అడిగేది ఆ కాగితమే.

రేపో ఎల్లుండో ఆ ఓనర్‌కి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది. "పదికి ఎంత ఇస్తారు సార్? తొమ్మిదిచ్చినా మా ఇన్సెంటివ్ కట్ సార్" అని. వెయ్యికి ఏడొందలు అని చెప్పమన్నా.