సబ్సిడీ పడిందట, ఎక్కడ పడిందో మాత్రం చెప్పరట

మా పెద్దమ్మను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి ఇప్పుడే తిరిగొచ్చాను, ఒళ్లు మండిపోతోంది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయలకే సిలిండర్ అన్నప్పుడు ఆమె ఎంత సంబరపడిందో నాకు తెలుసు. తీరా చూస్తే పూర్తి ధర ముందు మనమే కట్టాలి, 500 పోను మిగిలినది ప్రభుత్వం తర్వాత ఖాతాలో వేస్తుంది. గ్యాస్ ఏజెన్సీలో అడిగితే డబ్బు వెళ్లిపోయిందన్నారు. పాస్‌బుక్కులో చూస్తే రూపాయి లేదు.

కౌంటర్‌లోని ఉద్యోగి తలెత్తకుండానే, "మీ ఆధార్ మా దగ్గర సీడ్ కాలేదమ్మా, వేరే బ్యాంకులో ఉంది" అన్నాడు. సీడ్ కావడమంటే ఆధార్ నంబరు ఆ బ్యాంకు ఖాతాతో ముడిపడడమట. ఏ బ్యాంకని అడిగితే తనకు కనిపించదట. "మరి అప్పుడు జిరాక్సులు తీసుకున్నరు గద సార్, అవన్నీ ఏడ వెట్టిన్రు?" అని పెద్దమ్మ అడిగింది. దానికి ఆయన "నెక్స్ట్" అన్నాడు.

ఆధార్ ఆధారంగా వేసే డబ్బు మనం రాసిచ్చిన ఖాతాకు కాక, ఆ నంబరు చివరిసారిగా ఏ బ్యాంకుతో ముడిపడిందో అక్కడికి పోతుంది. 2014లో జన్‌ధన్ అని ఒక ఖాతా, ఆ తర్వాత బస్తీలో గొడుగు వేసుకుని కూర్చున్న కుర్రాడు వేలిముద్ర పెట్టించుకుని తెరిచిన ఖాతా ఇంకొకటి ఉన్న మనిషికి ఈ సంగతి ఎవరు చెప్పారు? ఆధార్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చని సలహా ఇస్తారు, కానీ ఓటీపీ వచ్చేది ఆమె ఎప్పుడో మార్చేసిన నంబరుకు. (సిలిండర్ తెచ్చే అబ్బాయి బిల్లు మీద అదనంగా తీసుకునే నోటు మాత్రం ఏ సీడింగూ లేకుండానే అప్పటికప్పుడు సరైన జేబులోకి చేరుతుంది.)

ఇదేమీ కొత్త పథకం కాబట్టి వచ్చిన తడబాటు కాదు. గ్యాస్ సబ్సిడీని ఖాతాల్లోకి మళ్లించే ప్రయోగానికి 2013లో తొలి విడతలో ఎంచుకున్న జిల్లాల్లో హైదరాబాద్ ఒకటి. అప్పుడు మొదలుపెట్టి, 2014లో మధ్యలోనే ఆపేసి, ఆ నవంబరులో పహల్ అనే పేరుతో మళ్లీ తెచ్చి, 2015 జనవరి 1 నుంచి దేశమంతటికీ విస్తరించారు. ఆ పహల్‌లోనైనా చేరగానే 568 రూపాయల అడ్వాన్సు ముందే వేశారు, సామాన్యుడి చేతిలో డబ్బుండదన్న ఇంగితం ఎవరికో ఒకరికి ఉన్నట్టుంది. 2017లో మరీ ఘోరం: సిమ్ కార్డుకు ఆధార్ ధ్రువీకరణ అంటూ వేలిముద్రలు తీసుకున్న ఒక టెలికాం సంస్థ, జనానికి తెలియకుండానే తన పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచేస్తే, లక్షల మంది గ్యాస్ సబ్సిడీ అందులోకి పోయింది. ఆ డిసెంబరులో ఆధార్ ప్రాధికార సంస్థ దాని ఈ-కేవైసీ అనుమతిని, అంటే ఆధార్‌తో మనిషి గుర్తింపును సరిచూసే అనుమతిని, నిలిపివేసింది, సరే. అంత జరిగాక కూడా మా పెద్దమ్మకు తన డబ్బు ఏ బ్యాంకులో ఉందో చెప్పే నాథుడు లేడు.

పాత పద్ధతిలో దొంగలున్నారని, దళారులు తిన్నారని చెప్పి ఇది తెచ్చారు; తిన్న దళారిని కనీసం వీధిలో నిలబెట్టి తిట్టగలిగేవాళ్లం. సిలిండర్ బిల్లు మీద బరువు, ధర, పన్ను అన్నీ అచ్చు వేస్తున్నవారు సబ్సిడీ పడిన బ్యాంకు పేరును, ఖాతా చివరి నాలుగు అంకెలను ఒక్క వరుసలో అచ్చు వేయలేరా? సోమవారం ఆధార్ కేంద్రానికి వెళ్లి ముందు ఆమె ఫోన్ నంబరు మార్పించాలి. టోకెన్లు పొద్దున్నే అయిపోతాయట.