హై ప్రెస్ ఆడించాలట, అదీ మన ఇండియాతో!

ఇప్పుడే లంచ్ నుంచి వచ్చాను, ఒళ్ళు మండిపోతోంది. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. శని, ఆదివారాలు ఇంగ్లండ్ క్లబ్బుల ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూసి సోమవారం కోచ్ అవతారం ఎత్తుతాడు. ఇవాళ టిష్యూ మీద 3-4-3 (వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు) గీసి, "ఇండియా ఇలా ఆడితే ఆసియాలో తిరుగుండదు. హై ప్రెస్ చేయాలి, అంటే పైకెళ్ళి ఎదుటివాళ్ళ సగంలోనే మీదపడి బంతి లాక్కోవాలి, అంతే" అన్నాడు. అంతేనట! చుట్టూ కూర్చున్నవాళ్ళు తలలూపారు కూడా.

అయ్యా, పదిమందీ బంతి మీద పడితే అది ప్రెస్ కాదు, తప్పించుకున్న కోడి వెనక ఊరంతా పరిగెత్తడం. అవతలి డిఫెండర్ బంతిని సరిగ్గా ఆపలేకపోయినా, గోల్‌కీపర్‌కి వెనక్కి పాస్ ఇచ్చినా, ప్రెస్ మొదలుపెట్టడానికి అదే సైగ. ఒకడు మీదికి వెళ్తాడు, రెండోవాడు పక్క పాస్ మూసేస్తాడు, మిగతావాళ్ళు చెరొకణ్ణి పట్టుకుంటారు. ఇదంతా జరిగేటప్పుడు మన డిఫెండర్లు దాదాపు సెంటర్ లైన్ దాకా వచ్చి నిలబడి ఉంటారు. వాళ్ళ వెనక మైదానమంతా ఖాళీ. ఒక్కడు అర సెకను ఆలస్యమైతే చాలు, ఒకే ఒక్క పొడుగు బంతితో కథ కంచికే.

చిలీని చూడండి. 2007లో కోచ్‌గా బియెల్సా వచ్చాడు. ఎదుటి జట్టుకి ఇద్దరు స్ట్రైకర్లుంటే వెనక ముగ్గురు, ఒక్కడే ఉంటే నలుగురు. ముగ్గురైతే 3-3-1-3. అంకెలు ఎదుటివాణ్ణి చూసి పుట్టాయి, టిష్యూ మీద కాదు. తర్వాత అదే బాటలో ఇంకో కోచ్ సంపావోలి. 2014 వరల్డ్ కప్‌లో, మరకానాలో, ప్రపంచ చాంపియన్ స్పెయిన్‌ని 2-0తో ఇంటికి పంపారు. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ షాబీ అలోన్సో అంతటివాడు బంతి పోగొట్టుకున్నాడు, చూస్తుండగానే చిలీ ఆటగాడు వర్గాస్ గోల్ కొట్టాడు. మరుసటి ఏడాది దక్షిణ అమెరికా దేశాల కప్పు కోపా అమెరికా గెలిచారు, వాళ్ళ చరిత్రలో మొదటిది. సాంచెస్, విడాల్, మెదెల్, ఇస్లా 2007లో అండర్-20 జట్టు నుంచే కలిసి ఆడుతున్నారు. ఒకడు కదిలితే రెండోవాడికి చెప్పక్కర్లేదు. వాళ్ళకి వయసైపోయాక? 2018, 2022, 2026, మూడు వరల్డ్ కప్పులకీ చిలీ లేదు.

ఇక మనం. 2024 జనవరి ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లు, మూడూ ఓటమి, గోల్స్ సున్నా. మన క్లబ్బుల్లో ముందుండే స్ట్రైకర్ ఎక్కువగా విదేశీయుడే. ప్రెస్ మొదలయ్యేది ముందున్న స్ట్రైకర్ నుంచే, మరి ఇండియా జట్టులో అది మొదలుపెట్టేదెవరు? రిటైరైన స్ట్రైకర్ ఛెత్రీని 40 ఏళ్ళ వయసులో మళ్ళీ పిలిచాం. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. అయినా సరే, హై ప్రెస్ కావాలి సారుకి!

ఇదంతా చెబుతుంటే ఆయన నవ్వి, "మన హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎవడాడాడు బ్రో?" అన్నాడు. అప్పుడు తిన్నది గొంతు దిగలేదు.

ఎవడాడాడా? రహీం సాబ్ ఈ ఊరివాడు. బడిపంతులుగా మొదలై ఇండియా కోచ్ అయ్యాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి నాలుగో స్థానం. ఇక్కడి కుర్రాళ్ళకి డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపించుకుంటూ వెళ్ళడం) లేకుండా టోర్నమెంట్లు, అలవాటు లేని కాలితోనే ఆడే టోర్నమెంట్లు పెట్టేవాడు. ఇవాళ యూరప్ కోచ్‌లు ఇలాంటి డ్రిల్స్ చేయిస్తే మనవాళ్ళు నోరెళ్ళబెట్టి చూస్తారు. 1962 జకార్తా ఏషియాడ్‌కి క్యాన్సర్‌తోనే వెళ్ళాడు. ఫైనల్లో తలకి కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని స్ట్రైకర్‌గా ఆడించాడు. అతను గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాపై 2-1, బంగారు పతకం. మరుసటి ఏడాది రహీం సాబ్ పోయాడు. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ వాడే. 2023లో ఆయన పోయినప్పుడు మీలో ఎందరికి తెలిసింది?

సరే, పాతవాళ్ళని మరిచిపోయాం. 2022లో మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ? 2025లో ఢిల్లీకి వెళ్ళి పేరు కూడా మార్చుకుంది. అదే ఐపీఎల్ జట్టయితే ఈపాటికి ధర్నాలు, హ్యాష్‌ట్యాగులు, టీవీల్లో రాత్రంతా చర్చలు. ఫుట్‌బాల్ కదా, లోపలి పేజీలో చిన్న వార్త.

"మనవాళ్ళకి స్టామినా లేదు" అని కామెంట్ పెట్టబోయేవాళ్ళు దయచేసి ఆగండి. ఇవాళ నాకు అసలే ఓపిక లేదు.