గీజర్‌కు ముఖం కడిగిన రోజు

మా ఇంట్లో గ్యాస్ గీజర్‌కు మొన్న ఆదివారం వార్షిక సర్వీసింగ్ శాస్త్రోక్తంగా జరిగింది. పదిన్నరకు వస్తామన్నవాళ్లు పన్నెండున్నరకు వచ్చారు. మొత్తం కార్యక్రమం పదకొండు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు ఓటీపీకే పోయాయి.

వచ్చిన కుర్రాడి భుజాన పెద్ద బ్యాగు. దాని బరువు చూసి లోపల సగం వర్క్‌షాపు ఉందనుకున్నాను. "అంకుల్, స్టూలుందా?" అన్నాడు. ఇచ్చాం. పాత గుడ్డ అడిగాడు. ఇచ్చాం. స్క్రూడ్రైవర్ అడిగాడు. అదీ ఇచ్చాం. పాత టూత్‌బ్రష్ కావాలనేసరికి మా ఆవిడ నేను రోజూ తోముకునేదే తెచ్చిచ్చింది. బ్యాగు ఒక్కసారే తెరుచుకుంది, రెండు కొత్త సెల్స్ తియ్యడానికి. వాటి డబ్బులు వేరు.

గ్యాస్ గీజర్ గురించి మన జాతికి తెలిసిన శాస్త్రమంతా ఆ రెండు సెల్సే కదా. వెలగకపోతే సెల్స్, ఆరిపోతే సెల్స్, నీళ్లు చల్లగా వస్తే సెల్స్.

కుర్రాడు గీజర్ ముఖాన్ని ప్రేమగా తుడిచాడు. తుడిచాక నాలుక్కరుచుకున్నాడు: "బిఫోర్ ఫొటో తియ్యడం మర్చిపోయాను అంకుల్." నేను కంగారుపడ్డాను గానీ అతను పడలేదు. బాత్రూం లైటు ఆర్పి ఒక ఫొటో తీశాడు, అది బిఫోర్. వేసి ఇంకోటి తీశాడు, అది ఆఫ్టర్. రెండూ కంపెనీకి వెళ్లాయి. నిజంగానే ఎంత తేడా!

"కవర్ విప్పవా బాబూ?"

"విప్పితే మళ్లీ సరిగ్గా కూచోదు అంకుల్. ఇప్పుడు వెలుగుతోంది కదా?"

బిల్లులో మాత్రం బర్నర్ క్లీనింగ్, కాయిల్ క్లీనింగ్, వాటర్ ఫిల్టర్ క్లీనింగ్, లీక్ టెస్ట్, నాలుగింటికీ టిక్కులు పడ్డాయి. లీక్ టెస్ట్ నా కళ్లెదుటే జరిగింది. ట్యూబు దగ్గర ముక్కు పెట్టి ఒకసారి పీల్చాడు. సబ్బునురుగు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి కదా అంటే, "సబ్బుంటే ఇవ్వండి" అన్నాడు. ఆ నారింజ రంగు ట్యూబు మీద తేదీ ఉంటుంది, ఐదేళ్లకు మార్చాలి. అది చూడ్డానికి సబ్బు కూడా అక్కర్లేదు.

అతను వెళ్లాక ఫిల్టర్ నేనే విప్పాను. చల్లనీళ్ల పైపు గీజర్‌కు తగిలేచోట, బొటనవేలి గోరంత జాలీ. అందులో అర చెంచా ఎర్రమట్టి, పటిక పలుకుల్లాంటి ఉప్పు. బోరు నీళ్ల ప్రసాదం. బయటికి తీసి, పళ్లు తోముకునే యోగ్యత ఎలాగూ పోయింది గనక అదే బ్రష్‌తో రుద్దితే రెండు నిమిషాల్లో శుభ్రం. నీళ్ల ధార మళ్లీ బలంగా వచ్చింది. మంట మాత్రం నీలంగా రాలేదు, కొసల్లో పసుపు తిరుగుతోంది. బర్నర్‌లో దుమ్మో, కాయిల్ రెక్కల మధ్య మసో ఉందన్నమాట. గ్యాస్ సరిగ్గా కాలడం లేదని గీజర్ తనంతట తానే చెబుతోంది. మంట వైపు చూసినవాడేడీ?

అప్పుడు చూశాను వెంటిలేటర్. డిసెంబరులో చలిగాలి వస్తోందని అట్ట అడ్డం పెట్టింది నేనే. పక్కన నాలుగు వేళ్ల సందు మిగిలింది. కుర్రాడు తుడిచిన గుడ్డను చక్కగా మడిచి ఆ సందులో కుక్కి వెళ్లాడు! ఇక అట్ట. అది గీజర్ కొన్నప్పుడు వచ్చిన డబ్బాదే. దాని మీద తలకిందులుగా ఒక హెచ్చరిక: గాలి బాగా ఆడేచోట మాత్రమే వాడాలి.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. నిమిషానికి ఆరు లీటర్లు కాచే గీజర్ వెలిగిందంటే వంటింటి గ్యాస్ పొయ్యి బర్నర్లు ఐదారు ఒకేసారి వెలిగినట్టు. వాటిని గూడంత గదిలో పెట్టి, కిటికీ మూసి, గడియ వేసుకుని, పిల్లల్ని స్నానానికి పంపిస్తున్నాం. సిలిండర్ గ్యాస్ లీకైతే తెలియాలనే అందులో కంపు కలుపుతారు. గాలి చాలక పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు ఏ వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల తిరుగుతుంది, కాళ్లు లేవవు, గడియ చేతికందదు. తలుపు పగలగొట్టేసరికి షవర్ ఇంకా కారుతూనే ఉంటుంది. చలికాలం పేపర్లో ఆ వార్త చదివి "పాపం, విధి" అంటారు. ఏం విధండీ? గీజర్ బయట బాల్కనీలో పెట్టి లోపలికి వేడినీళ్ల పైపు లాగితే ఆగిపోయేదాన్ని విధి అనడానికి సిగ్గుండాలి. నాకూ ఉండాలి, ఆ అట్ట పెట్టిన చెయ్యి నాదే.

అట్ట చింపేశాను. అద్దె ఇల్లు కదా, ఓనర్ గారికి ఫోన్ చేసి గీజర్ బయటికి మారుస్తానన్నాను. "టైల్స్‌కి బొక్కలు పడతాయి, అడ్వాన్సులో కోసుకుంటా" అన్నారు. కోసుకోమన్నాను.

రేపు ప్లంబర్ వస్తున్నాడు. స్టూలు, ఒక పాత గుడ్డ రెడీగా పెట్టమన్నాడు.