ఇస్త్రీ పెట్టెకూ లొంగని సర్టిఫికెట్

మా ఆవిడ నర్సు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను నేను ప్రేమతోనే లామినేషన్ చేయించాను. ఈ మాట ముందుగా రాసిపెట్టుకోవడం మంచిది. జరిగినదంతా విన్నవాళ్ళలో కొందరికి, పాత కక్ష ఏదో ఇట్లా తీర్చుకున్నానేమోనన్న అనుమానం ఇప్పటికే కలిగింది.

కడపకు కూతవేటు దూరంలోని ఒక పల్లెలో, ఆరోగ్య ఉపకేంద్రంలో ఆమె ఏ.ఎన్.ఎం.గా, అంటే టీకాలు, గర్భిణుల పరీక్షలు చూసే సహాయ నర్సుగా పనిచేస్తోంది. మైదాన ప్రాంతంలో అయిదు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం అన్నది ప్రభుత్వ లెక్క. ఆ అయిదు వేలమందిలో ఎవరి బిడ్డకు ఏ వారం ఏ టీకా పడాలో ఆమెకు కంఠతా వచ్చు గానీ, తన కాగితం ఏ అరలో ఉందో మాత్రం ఎన్నడూ గుర్తుండదు. నేను నిరుడు తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్న మనిషిని. ఇంట్లో ఊరికే కూర్చున్న మనిషికి అరలు సర్దాలన్న బుద్ధి పుట్టడం ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు.

ఏ.ఎన్.ఎం.లలో సీనియర్లను ఆరు నెలల శిక్షణకు పంపి హెల్త్ సూపర్‌వైజర్లుగా ప్రమోషన్ ఇస్తారని, అసలు సర్టిఫికెట్లన్నీ పట్టుకొని పరిశీలనకు రావాలని కబురు వచ్చింది. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా చదువుకున్న ధ్రువపత్రాలు, పదో తరగతి మార్కుల జాబితా, ఏ.ఎన్.ఎం. పాసైన పత్రం, అన్నిటికంటే ముఖ్యంగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, దాని రెన్యూవల్. రెన్యూవల్ గడువు ఆ నెలాఖరుకే తీరిపోతున్నది. ఆమెకా సెలవు దొరకదు. బుధవారం, శనివారం టీకాల రోజులు, మిగిలిన రోజుల్లో గర్భిణుల పరీక్షలు, ఇంటింటి సర్వేలు. అందుకని కాగితాల బాధ్యత నేను నెత్తికెత్తుకున్నాను.

రెక్సిన్ సంచీలోంచి బయటపడిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను చూసి నాకు కన్నీళ్ళొచ్చినంత పనయింది. నాలుగు మడతలు పడి, మడతల వెంట దారాలు తేలి, నడుమ చిల్లు పడి ఉంది. ఎడమ పక్కన ఫొటోలో రెండు జడల పిల్ల ఒకతె బెదురు చూపులు చూస్తోంది. నేను పెళ్ళి చేసుకున్నది ఆ పిల్లనే అయినా, గుర్తు పట్టడానికి కొంత సేపు పట్టింది. ఇంత పాత జ్ఞాపకం ఇట్లా చినిగిపోతుంటే చూస్తూ ఊరుకోగలమా? నేరుగా కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గరికి వెళ్ళాను.

జిరాక్సు అంగడి పిల్లవాడు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, “అయ్యవారూ, పలచంది వెయ్యాల్నా, మందంది వెయ్యాల్నా?” అన్నాడు. మందందే వెయ్యి నాయనా, నూరేళ్ళు ఉండాల అన్నాను. ఎటూ వచ్చాను కదా అని, ఆ ఉదయమే రెన్యూవల్ రుసుము కట్టినప్పుడు మిషన్లోంచి వచ్చిన చిన్న రసీదును కూడా అందించాను. సర్టిఫికెట్ అద్దంలా మెరుస్తూ బయటికొచ్చింది. రసీదు మాత్రం అమావాస్య అర్ధరాత్రిలా వచ్చింది. ఒక్క అక్షరం లేదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా నలుపే. వేడి తగిలితే నల్లబడే కాగితం మీదనే ఆ రసీదులు అచ్చవుతాయట. అక్షరాలు పడడం కూడా ఆ వేడితోనేనట. ఈ శాస్త్రమంతా పిల్లవాడు నాకు డబ్బులు తీసుకున్న తర్వాత చెప్పాడు.

ఆ రోజు బుధవారం. మా ఆవిడ టీకాలు వేసి, మిగిలిన సీసాలను ఆసుపత్రిలో అప్పగించి, చీకటి పడ్డాక ఇల్లు చేరింది. నేను పళ్ళెంలో పెట్టి అందించినట్టుగా రెండింటినీ చూపించాను. ఆమె నల్ల రసీదును దీపం కిందికి తీసుకుపోయి చాలాసేపు చూసింది. టీకా సీసా మీద చిన్న గుర్తు ఒకటి ఉంటుంది: వలయం, దాని లోపల చదరం. చదరం తెల్లగా ఉన్నంతకాలం మందు మంచిదే; వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది, వలయం రంగుకు వచ్చిందంటే ఆ సీసా పారేయవలసిందే. “ఇది నా చేతికి సీసాగా వచ్చుంటే పిల్లోళ్ళకు వేసేదాన్ని కాదండీ” అని రసీదు పక్కన పెట్టింది. అంతవరకు బాగానే ఉంది. సర్టిఫికెట్ తిరగేసి వెనుక వైపు చూసిన తర్వాత మాత్రం, వేసుకొచ్చిన చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

ఆ వెనుక వైపు సంగతి నాకు తెలియకపోవడమే అసలు కొంప ముంచింది. పరీక్ష పాసైనంత మాత్రాన ఎవరూ నర్సు కారు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఎక్కితేనే నర్సు. ఎక్కిన పేరును గడువు తీరకముందే రెన్యూవల్ చేయించుకుంటేనే ఆ నర్సుతనం నిలుస్తుంది. ఈ ఏర్పాటు నిన్నమొన్నటిది కాదు. నర్సులకు, మంత్రసానులకు రిజిస్ట్రేషన్ ఉండాలని మద్రాసు ప్రెసిడెన్సీలో 1926లోనే చట్టం చేశారు, అప్పటికి మన కడప మద్రాసు కిందనే ఉండేది. 1947లో దేశమంతటికీ భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దాన్ని తీసేసి ఆ స్థానంలో జాతీయ కమిషన్ పెట్టడానికి 2023లో పార్లమెంటు ఇంకొక చట్టం చేసింది. నర్సులను, మంత్రసానులను, ఏ.ఎన్.ఎం.లను, హెల్త్ విజిటర్లను వేర్వేరుగా నమోదు చేసే పద్ధతి కాబట్టి, ప్రమోషన్ శిక్షణ పూర్తయ్యాక మా ఆవిడకు హెల్త్ విజిటరుగా మరొక కాగితం కూడా వస్తుంది. అది నా కంట పడనివ్వనని ఆమె అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

ఆమె చదివిన కాలంలో పదో తరగతి తర్వాత ఏడాదిన్నర శిక్షణ ఉండేది. ఇప్పుడు ఇంటరు పాసై, పదిహేడేళ్ళు నిండి, రెండేళ్ళు చదవాలి. అయిదేళ్ళకొకసారి రెన్యూవల్ చేయించుకోవాలంటే, ఆ అయిదేళ్ళలో 150 గంటలు కొత్త సంగతులు నేర్చుకున్నట్టు చూపించాలన్నది నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన నియమం. ముప్ఫయ్యేళ్ళు ఛందస్సు చెప్పిన నన్ను మాత్రం, మధ్యాహ్న భోజనం బాగుండే శిక్షణ తరగతులకు పంపడమే తప్ప, ఏమైనా కొత్తగా నేర్చుకున్నావా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. సరే, ఆ 150 గంటలూ ఆమె పూర్తి చేసింది. తీరా చూస్తే, ఆ సర్టిఫికెట్ వెనుక పాత రెన్యూవల్ ముద్రలు రెండు ఉన్నాయి, మూడో ముద్ర పడవలసిన చోట నేను నూరేళ్ళ ప్లాస్టిక్ పరిచాను. సిరా నిలవదు, సంతకం జారిపోతుంది.

వేడితో అతికినది వేడితోనే ఊడుతుందన్న తర్కం నాది. ఆమె నిద్రపోయిన తర్వాత ఇస్త్రీ పెట్టె తీసి, పాత పంచె ముక్క పరిచి, నెమ్మదిగా రుద్దాను. ఒక మూల ప్లాస్టిక్ లేచింది. ఆ మూలను పట్టుకొని, దోశ అంచు ఎత్తినంత జాగ్రత్తగా లాగాను. ప్లాస్టిక్ వచ్చింది, దానితో పాటు ఫొటోలోని పిల్ల ఎడమ జడ కూడా వచ్చింది. కుడి జడ ప్రభుత్వ కాగితం మీద, ఎడమ జడ నా చేతిలో. ఇస్త్రీ పెట్టె ఆర్పేసి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.

మారు పత్రం కావాలంటే పోయిందని పోలీసు స్టేషన్‌లో రాయించుకురావాలని ఎవరో చెప్పగా అక్కడికి వెళ్ళాను. హెడ్ కానిస్టేబుల్ మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, కాగితం తీసుకున్నాడు.

“ఏం పోయింది సార్?”

“సర్టిఫికెట్.”

“యాడ పోయింది?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. “ఉన్నదాన్ని పోయిందని నేనెట్ల రాసుకుంటా సార్? యాడన్నా పారేసుకోని రాండి, రాసుకుంటా” అన్నాడు. పరిహాసమే అయి ఉంటుంది. కానీ ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు సత్యహరిశ్చంద్రుడి కథ చెప్పిన మనిషికి ఆ పూట ఆ మాట ఉపదేశంలా వినిపించింది.

బస్టాండులో ఒక సిమెంటు బల్ల మీద సర్టిఫికెట్‌ను వదిలి, అటూ ఇటూ చూసి, గబగబా నడిచాను. పది అడుగులు వేయలేదు, “సార్! ఓ సార్! మీ అట్ట!” అంటూ చెనిక్కాయలు అమ్మే పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. మామూలు కాగితమైతే గాలికి ఏ బస్సు కిందికో పోయేది. ఇది ఎండలో తళతళ మెరుస్తూ ఊరందరికీ కనిపిస్తోంది. సంతోషించి, వాడి దగ్గర పది రూపాయల కాయలు కొన్నాను. మారు ఆలోచన పెట్టుకోకుండా తింటూ ఇంటికి వచ్చాను.

చివరికి మా ఆవిడే ఒక సోమవారం సెలవు పెట్టి కౌన్సిల్ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి గుమాస్తా ఆ కాగితాన్ని చూసి నవ్వకుండా, చెడిపోయిన అసలుతో పాటు నోటరీ అఫిడవిట్ ఇస్తే మారు పత్రం వస్తుందని, పోలీసుల దాకా పోనవసరమే లేదని చెప్పాడట. అఫిడవిట్‌లో కారణం రాయాలి. “నా భర్త అజాగ్రత్త వలన” అని ఆమె రాయించిన వాక్యాన్ని, “అమితమైన జాగ్రత్త వలన” అని దిద్దుదామని నేను ఎంత బతిమాలినా వినలేదు. భాషాపరంగా నాదే సరైనదని ఇప్పటికీ నా అభిప్రాయం.

కొత్త పత్రం వచ్చి వారమయింది. అది ఏ అరలో ఉందో నాకు తెలియదు. తాళం చెవి ఆమె కొంగు ముడిలో ఉంది. నల్ల రసీదు మాత్రం వంటింట్లో మజ్జిగ గ్లాసు మీద మూతగా వాడుకలో ఉంది. తడి అంటదు, మరక పడితే కడిగితే పోతుంది.