ఆ ఫారం నింపకండి: ఏడు పాయింట్ల ఫార్వర్డుకి నా జవాబు

మళ్లీ వచ్చింది. ఈసారి ఒంగోలు స్నేహితుల గ్రూపులో. పోయిన వారం ఇదే మెసేజ్‌ని మా బావమరిది ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అంతకుముందు కావలి నుంచి ఒక ఎల్ఐసీ ఏజెంటు పంపాడు. ముగ్గురిలో ఒక్కరు కూడా చివరిదాకా చదివి ఉండరు. చదివుంటే ఆడపిల్లలూ ఇంటర్ పిల్లలూ ఉన్న గ్రూపులో పెట్టేవాళ్లు కాదు.

చదవనివాళ్ల కోసం సంగతి ఇది. ఎల్ఎస్‌డీ, మ్యాజిక్ మష్రూమ్ లాంటి సైకెడెలిక్స్, అంటే లేనివి ఉన్నట్టు చూపించే మత్తు పదార్థాలు, తీసుకున్నవాళ్ల అనుభవాలన్నీ ఒకచోట చేర్చి తెలుగులో పెద్ద డేటాబేస్ కడదామంటున్నారు. అది ఎందుకు మంచిదో ఏడు పాయింట్లు రాసి, కింద గూగుల్ ఫారం లింకు ఇచ్చారు. నేను సర్కారు ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైన మనిషిని. జవాబు నా వరుసలో చెప్తాను, వాళ్ల వరుసలో కాదు.

"ఋషులు తాగిన సోమం పుట్టగొడుగు రసమే, సైన్సు ఒప్పుకుంది." ఒప్పుకోలేదు. గోర్డన్ వాసన్ అనే అమెరికన్ 1968లో అలా ప్రతిపాదించాడు. ఆయన చెప్పింది తెల్ల మచ్చల ఎర్ర పుట్టగొడుగు గురించి. మెసేజ్‌లో ఫొటో పెట్టిన పుట్టగొడుగు వేరే. సోమం ఎఫెడ్రా మొక్క అని వాదించే పండితులు వేరే ఉన్నారు. వీళ్ల గొడవ తేలలేదు. ఉదయగిరి కొండమీద సోమం దొరికేదన్న ముక్క ఎవరు అతికించారో మాత్రం గట్టివాడే.

"ఇవి అలవాటు కావు, సారా కంటే నయం." ఇది చాలావరకు నిజం. పోట్లాడతాననుకున్నారేమో. ఎల్ఎస్‌డీకి గానీ, మ్యాజిక్ మష్రూమ్‌లో ఉండే సైలోసైబిన్‌కి గానీ సారాకో నల్లమందుకో బానిసైనట్టు ఒళ్లు బానిస కాదు. బ్రిటన్‌లో డేవిడ్ నట్ బృందం 2010లో 20 మత్తు పదార్థాలకు హానిని బట్టి నూటికి మార్కులు వేస్తే, మద్యానికి 72, పుట్టగొడుగులకు 6 వచ్చాయి. సారా వ్యతిరేక ఉద్యమం దూబగుంటలో పుట్టిన జిల్లా మాది, మద్యానికి మొదటి ర్యాంకు వచ్చిందంటే మాకు ఆశ్చర్యమేముంది? అయితే ఆ మార్కులు ఆ పదార్థానికి వేసినవి. బెంగళూరు బస్సులో పొట్లం కట్టి వచ్చిన, లోపల ఏముందో ఎవరికీ తెలియని కాగితం ముక్కకి కాదు. ఎల్ఎస్‌డీ అని అమ్మిన కాగితాల్లో ఎన్‌బోమ్ రకం రసాయనాలు ఉండి, అవి తిన్న కుర్రాళ్లు చనిపోయిన కేసులు విదేశాల్లో నమోదయ్యాయి.

"విదేశాల్లో డిప్రెషన్‌కి మందుగా ఇస్తున్నారు." సగం నిజం. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి అనుమతి పొందిన సైకియాట్రిస్టులు సైలోసైబిన్ రాయొచ్చు. మామూలు మందులు పనిచేయని డిప్రెషన్‌కి మాత్రమే. అమెరికాలో ఎండీఎంఏ అనే ఇంకో మత్తు రసాయనాన్ని మందుగా ఒప్పుకోమని పెట్టుకున్న దరఖాస్తును 2024 ఆగస్టులో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తిప్పికొట్టింది. ఇంతకీ ఈ మందుల్ని మనుషుల మీద పరీక్షించేటప్పుడు ఎవరిని తీసుకుంటారో మెసేజ్ రాసినవాడికి తెలుసా? ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా ఉంటే గుమ్మం దగ్గరే వద్దంటారు. లోపలికి వెళ్లినవాడి పక్కన గంటల తరబడి శిక్షణ పొందిన మనిషి కూర్చునే ఉంటాడు. మైపాడు బీచ్‌లో మీ పక్కన ఎవరు కూర్చుంటారు? మీతోపాటు అదే తిన్న ఇంకో ఇద్దరు.

"పుట్టగొడుగుకి చట్టం వర్తించదని హైకోర్టు చెప్పేసింది." 2025 జనవరిలో కేరళ హైకోర్టు ఒక బెయిల్ ఉత్తర్వులో, పుట్టగొడుగు మొత్తం బరువును మత్తుమందు బరువుగా లెక్కకట్టకూడదన్న అర్థంలో మాట్లాడింది. అది బెయిల్ విషయం. సైలోసైబిన్ ఎన్‌డీపీఎస్ అనే మత్తుపదార్థాల చట్టం జాబితాలో అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఎల్ఎస్‌డీ అయితే 0.002 గ్రాములు దాటితే చాలు, శిక్ష తక్కువుండే "చిన్న మొత్తం" కాకుండా పోతుంది. ఈ తేడాలన్నీ అర్ధరాత్రి హైవే మీద బండి ఆపిన ఎస్సైకి వివరించే ధైర్యం ఉన్నవాళ్లు వివరించుకోండి.

ఇక అసలు సంగతికొస్తాను. నేనీ జవాబు రాయడానికి కారణం మూడో పాయింటు. ఉన్నదున్నట్టు ఇస్తున్నా: "ప్రకృతి ఇచ్చిందేదీ విషం కాదు. ఖరీదైన వాటి కోసం గోవా వెళ్లక్కర్లేదు. మన చేను గట్టు మీద ఉమ్మెత్త ఉంది, వినాయకుడి పత్రిలో ఉంది, శివుడికి ప్రీతి. దేవుడికి పెట్టేది విషమవుతుందా?"

ఏంది సామీ ఇది! పత్రిలో పెడతాం, నిజమే. పెట్టి, పూజ చేసి, తీసుకెళ్లి నీళ్లలో కలుపుతాం. ఎవడైనా ప్రసాదమని నమిలాడా? శివుడు హాలాహలం మింగి అరిగించుకున్నవాడు. ఆయన పూజా సామగ్రిని మెనూ కార్డనుకుంటే ఎట్లా?

మా ప్రాంతంలో ఏ ఆసుపత్రి ఫార్మసీలోనైనా ఎప్పుడూ నిల్వ ఉండాల్సిన ఇంజెక్షన్ ఒకటుంది, అట్రోపిన్. పొగాకు చేలకో మిరప తోటలకో కొట్టే కొన్ని రకాల పురుగుమందులు తాగి వచ్చినవాళ్లకి అదే దిక్కు. మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి ఎక్కిస్తారు. పక్కన నర్సు నిలబడి గుండె వేగం, కంటిపాప, నాలుక తడి చూస్తూ ఉంటుంది. కాస్త ఎక్కువైతే రోగి ఒళ్లు పెనంలా కాలిపోతుంది, చెమట పట్టదు, మంచం మీంచి లేచి లేని మనుషుల్ని తిడతాడు. ఆ అట్రోపినూ, దాని అన్నదమ్ములు స్కోపోలమిన్, హయోసైమిన్ కూడా ఉమ్మెత్తలో ఉంటాయి. ఏ కాయలో ఎంతుందో ఆ కాయకే తెలియదు. చెట్టును బట్టి, ఆకా గింజా అన్నదాన్ని బట్టి, కార్తెను బట్టి మారుతుంది. డ్యూటీ డాక్టరు చేతులు వణుకుతూ కొలిచేదాన్ని మీరు గుప్పిట్లో కొలుస్తారా?

నా సర్వీసులో ఒక కుర్రాణ్ణి తెచ్చారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని ఏఎస్ పేట దర్గాకి బయల్దేరి, దారిలో ఒళ్లు మరీ కాలుతోందని మా దగ్గర ఆగారు. చేతిలో ఏమీ లేదు, కానీ వేళ్ల మధ్య బీడీ ఉన్నట్టు పీలుస్తున్నాడు, పడేస్తున్నాడు, మళ్లీ వెలిగించుకుంటున్నాడు. గోడతో మాట్లాడుతున్నాడు. నోరు పిడచకట్టింది. పొట్ట ఉబ్బి ఉంది, మూత్రం రాక. గొట్టం వేశాకే కాస్త నెమ్మదించాడు. రెండోరోజు సాయంత్రం మామూలు మనిషై "నేనిక్కడికి ఎప్పుడొచ్చాను?" అనడిగాడు. గింజలు తిన్నంతవరకే గుర్తుంది. మిగతాది వాళ్లమ్మ చెప్తే విన్నాడు.

మెసేజ్ రాసినవాడికి ఎక్కనిది ఇదే. ఎల్ఎస్‌డీ, సైలోసైబిన్ మెదడులో సెరటోనిన్ దారిలో పనిచేస్తాయి. తీసుకున్నవాడికి సాధారణంగా తానేదో తీసుకున్నానన్న ఎరుక ఉంటుంది, తర్వాత చాలావరకు గుర్తుంటుంది. ఉమ్మెత్త వేరే దారి. అది మతి తప్పించే విషం. లేని మనిషి నిజంగా ఎదురుగా ఉన్నాడని నమ్మిస్తుంది, ఆ తర్వాత జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. ఒకప్పుడు దారిదోపిడీ దొంగలు బాటసారుల అన్నంలో ఉమ్మెత్త కలిపింది ఇందుకే కదా, దోచినవాడి ముఖం గుర్తుండకూడదని. తన అనుభవమే గుర్తులేనివాడి దగ్గర అనుభవాలు సేకరిస్తారట! ఫారంలో ఏం రాయిస్తారు, వాళ్లమ్మ చేత రాయిస్తారా?

దీనికి తోకగా "ఒంగోలు జాతి ఆవుల పేడ మీద మొలిచే పుట్టగొడుగులు శ్రేష్ఠం" అని కూడా ఉంది. ఒంగోలు గిత్తకి బ్రెజిల్‌లో ఉన్న పేరు చాలదా, ఇదొకటి కావాలా? ఏ పుట్టగొడుగు ఏదో ఫొటో చూసి గుర్తుపట్టలేరు. కాలేయాన్ని తినేసే రకాలున్నాయి. అవి తిన్నవాడికి ఆరు గంటలకో, అంతకంటే ఆలస్యంగానో వాంతులు మొదలవుతాయి. మధ్యలో ఒకరోజు తగ్గినట్టే ఉంటుంది. ఆ తగ్గిన రోజున వాడు "బాగానే ఉన్నాను" అని మీ ఫారం నింపుతాడు.

ఆ మాటే మొదటి పాయింటుకి జవాబు. "ఇంటర్నెట్‌లో వేలమంది రాశారు, అందరూ బాగున్నారు" అంటున్నారు. ఎక్కడ రాశారు? ఇలాంటి వాటిలో పేరున్నది 1995లో అమెరికాలో మొదలైన ఎరోవిడ్. అక్కడ రాసిందల్లా అచ్చు కాదు. వాలంటీర్లు చదివి, వడగట్టి, విభాగాలుగా సర్దుతారు. చెడు అనుభవాలకూ, ఆరోగ్యం దెబ్బతిన్నవాటికీ ప్రత్యేకంగా విభాగాలున్నాయి. ఉమ్మెత్త పేజీ తెరిచి చదవండి. ఆసుపత్రి, పోలీసులు, జన్మలో మళ్లీ ముట్టను, ఇదే వరస. "అందరూ బాగున్నారు" అనేవాడు ఆ పేజీ తెరవలేదన్నమాట. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2016లో ఒక సర్వే ఫలితాలు ప్రచురించారు. పుట్టగొడుగులతో ఇబ్బందికరమైన అనుభవం జరిగిన 1,993 మందిని అడిగితే, తమ జీవితంలోకెల్లా కష్టమైన ఐదు అనుభవాల్లో అదొకటని 39 శాతం అన్నారు. తమకో ఎదుటివాళ్లకో దెబ్బతగిలే పరిస్థితి తెచ్చామని 11 శాతం ఒప్పుకున్నారు. అదే సర్వేలో 84 శాతం దానివల్ల తమకు మేలు కూడా జరిగిందన్నారు. మెసేజ్ రాసినవాడు ఈ ఒక్క అంకె తీసుకుని మిగతావి వదిలేస్తాడు కాబట్టి నేనే చెప్తున్నా. వీళ్లంతా బతికుండి జవాబు చెప్పినవాళ్లని మాత్రం మరిచిపోకండి.

అనుభవాల మీద ఆధారపడితే ఏమవుతుందో నెల్లూరు జిల్లావాళ్లకి వేరే పాఠం అక్కర్లేదు. 2021 మేలో ఆనందయ్య కరోనా మందు కోసం కృష్ణపట్నం దారులన్నీ కార్లతో నిండిపోయాయి. దానికి పెద్ద కారణం వీడియోలు. కంట్లో చుక్కలు వేయగానే ఆక్సిజన్ పెరిగిందని ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు చెప్పిన వీడియో ఎంతమంది చూశారో లెక్కలేదు. తర్వాత కొద్దిరోజులకే ఆయన ఆసుపత్రిలో కన్నుమూశాడు. మందువల్ల పోయాడని నేననను. మందువల్ల లేచాడని మీరూ అనలేరు. మొదటి వీడియో చూసినవాళ్లలో రెండో వార్త ఎంతమంది ఫార్వర్డ్ చేశారు?

"నల్లమల చెంచులను అడిగి మొక్కల రహస్యాలు సేకరిద్దాం" అన్నది ఆరో పాయింటు. మెక్సికోలో మరియా సబీనా అనే మజాటెక్ వైద్యురాలు నమ్మి ఒక రాత్రి తన పూజలో కూర్చోబెట్టుకుంది, పైన చెప్పిన వాసన్‌నే. ఆయన 1957లో లైఫ్ పత్రికలో రాశాడు. ఆమె పేరు మార్చే రాశాడు. అయినా ఆచూకీ పట్టుకుని విదేశీయులు ఆ కొండ ఊరికి ఎగబడ్డారు, వెనకే పోలీసులు వచ్చారు, ఊరివాళ్లు ఆమె మీద కోపంతో ఇల్లు తగలబెట్టారు. చెంచుల్ని వాళ్ల మానాన వదిలేయండి.

మిగిలింది ఫారం. "మీ వివరాలు రహస్యం" అని పైన రాసి, కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఏం తీసుకున్నారు, ఎవరి దగ్గర కొన్నారు అని అడుగుతున్నారు. ఫోన్ నంబరు పక్కన ఎర్ర చుక్క కూడా ఉంది, నింపక తప్పదని. అబ్బయా, ఇది రహస్యమా, వాంగ్మూలమా? మత్తు తీసుకోవడమే ఎన్‌డీపీఎస్ 27వ సెక్షన్ కింద నేరం. సంతకం ఒక్కటే తక్కువ. ఫారం పెట్టినవాడు మంచివాడే అనుకుందాం. ఆ షీటు లింకు రేపు ఎవరి చేతికి పోతుంది? ఈ మెసేజ్ మా ఫ్యామిలీ గ్రూపు దాకా రాగా లేనిది, ఆ షీటు ఆగుతుందా?

ఇన్ని తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఆలోచన చెడ్డది కాదు. 2019లో కొందరు శాస్త్రవేత్తలు ఎరోవిడ్‌లోని సుమారు 15,000 అనుభవాలను, చావు అంచుదాకా వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన 625 కథనాలతో పోల్చి చూశారు. వాటికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది కెటమిన్ అని తేలింది. మనం ఆపరేషన్ థియేటర్లో వాడే మందే. జనం ఓపిగ్గా రాసిపెట్టకపోతే ఆ పని జరిగేది కాదు. మా ఫార్మసీ కిటికీ దగ్గరా అంతే. కుర్రాడు ఏం తిన్నాడో చెప్పడానికి స్నేహితులు వణికిపోయేవాళ్లు. నాన్న కొడతాడనీ, కేసవుతుందనీ. వాళ్లు నోరు విప్పేలోగా విలువైన గంటలు పోయేవి. తెలుగులో, భయం లేకుండా, "ఇది తింటే ఇలా అయింది" అని చదవగలిగే చోటు ఒకటుంటే ఆ అమ్మ దర్గాకి బయల్దేరేముందే 108కి ఫోన్ చేసేది.

కాబట్టి మెసేజ్ రాసినాయనకి, ఎవరైతే వారికి: పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఎవరి దగ్గర కొన్నారు, ఈ నాలుగు గడులు తీసెయ్యండి. ఇప్పటిదాకా వచ్చిన షీటు చెరిపెయ్యండి. ఉమ్మెత్తను ఆ జాబితాలోంచి తీసి విషాల కింద రాయండి. చెడు అనుభవాలు పైన పెట్టండి. పక్కనున్నవాళ్లు ఏం చూశారో రాయడానికి ఒక గడి, ఆరు నెలల తర్వాత ఎలా ఉన్నారో రాయడానికి ఇంకో గడి పెట్టండి. అప్పుడు పంపితే కూర్చుని చదువుతాను, మందుల విషయంలో తప్పులుంటే దిద్దిపెడతాను కూడా. ఫ్యామిలీ గ్రూపులో మాత్రం వద్దు, నాకు విడిగా పంపండి.