బెల్టు దగ్గరే అడగాలి

ఆగస్టు దగ్గర పడిందంటే నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడల్లో చాలా ఇళ్ల హాళ్లలో పెద్ద సూట్‌కేసులు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అమెరికా చదువుకు వెళ్లే పిల్లలకు విమాన సంస్థలు మామూలుగా ఇచ్చేది 23 కిలోల చొప్పున రెండు బ్యాగులు. మామిడికాయ తొక్కు, సకినాలు, కుక్కరు, చలికోటు అన్నీ అందులోనే పట్టాలి. అమ్మ ఒకటి పెడుతుంది, నాన్న కాటా చూసి ఒకటి తీస్తాడు. ఇటు పాలమూరు నుంచి గల్ఫ్‌కు పోయే కూలీ అట్టపెట్టెకు తాడు బిగించి, నాలుగు వైపులా పేరు, ఫోన్ నంబరు లావుగా రాసుకుంటాడు. అది చూసి నవ్వుకునేవాళ్లున్నారు. నిజానికి ఒకే రకం నల్ల ట్రాలీలు వరసగా తిరిగే బెల్టు మీద తన సామాను తప్పిపోకుండా పట్టుకోగలిగేది అతనే.

సర్దడంలో మనవాళ్లకు ఎవరూ నేర్పాల్సింది లేదు. దిగాక సామాను రాకపోతే ఏం చేయాలన్నదే మనకు తెలియడం లేదు.

శంషాబాద్‌లో దిగిన కుటుంబాన్నే చూడండి. నాలుగు బ్యాగుల్లో ఒకటి రాలేదు, ఇంకోదాని చక్రం ఊడింది. బయట కారు డ్రైవరు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. అందరికీ నిద్ర లేదు. ఇంకా నల్లగొండ దాకా పోవాలి. ‘ఇంటికెళ్లి ఫోన్ చేద్దాంలే’ అని బయటికి వచ్చేస్తారు. వాళ్ల కేసు సగం బలహీనపడేది అక్కడే. అభ్యంతరం చెప్పకుండా సామాను తీసుకుంటే అది బాగానే చేరినట్టు లెక్క. కాదని నిరూపించే భారం ఆపైన ప్రయాణికుడిదే. హాలు దాటకముందే విమాన సంస్థ కౌంటరులో పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించి నంబరు తీసుకోవాలి. బోర్డింగ్ పాసు వెనక అంటించే చిన్న స్టిక్కరు, చాలామంది నలిపి పారేసేది, సామాను అప్పగించినట్టు మన దగ్గరుండే రుజువు.

అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం సామాను దెబ్బతింటే చేతికొచ్చిన 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావాల్సిన రోజు నుంచి 21 రోజులైనా రాకపోతే పోయినట్టే పరిగణించి పరిహారం అడగవచ్చు. కోర్టుకు వెళ్లడానికి గడువు రెండేళ్లు. ఈ ఒప్పందం కింద పరిహారం గరిష్ఠ పరిమితిని 2024 డిసెంబరు 28 నుంచి మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లకు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క ప్రమాణం) పెంచారు. మన రూపాయల్లో లక్షన్నర పైమాటే. అది బ్యాగుకు కాదు, మనిషికి. పైగా పోయిన దాని విలువ చూపాలి కాబట్టి సర్దేటప్పుడే ఫోన్‌లో నాలుగు ఫొటోలు, కొన్నవాటి బిల్లులు ఉంచుకోవడం మంచిది.

దేశంలోపల తిరిగేవారికి ఈ పరిమితి 20 వేల రూపాయలే. ఢిల్లీ పెళ్లికి వెళ్లే ఇంటి పెట్టెలో రెండు మంచి గద్వాల పట్టుచీరలుంటే ఆ సొమ్ము వాటికే చాలదు. కేంద్రం ఈ మొత్తాన్ని పెంచాలి. అప్పటిదాకా చీరలు, నగలు, సర్టిఫికెట్లు, రోజూ వేసుకునే మందులు చేతిబ్యాగులోనే ఉండాలి. పవర్‌బ్యాంకుకైతే వేరే దారే లేదు, చెక్‌ఇన్ బ్యాగులో పెట్టడం నిషిద్ధం. విమానం గేటు దగ్గర జాగా లేదని చేతిబ్యాగును కిందికి పంపినా దాన్ని ముందే తీసేయాలి. ప్రసాదంగా ఇచ్చిన ఎండు కొబ్బరి తెలిసినవాళ్లకు కూడా ఆశ్చర్యమే. నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకు కింద లెక్క, చాలా సంస్థలు ఒప్పుకోవు.

విమాన సంస్థతో కొట్లాడాలంటే హైదరాబాద్‌లో వకీలును పెట్టుకోవాలేమో అన్న భయం జిల్లాల్లో ఉంది. అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. మహబూబ్‌నగర్ మనిషి మహబూబ్‌నగర్ వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. టికెట్ ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అంతకు ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకో, పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌కో చెప్పి చూడవచ్చు. దేనికైనా మొదట అడిగేది ఆ పీఐఆర్ నంబరే.

టికెట్‌తో వచ్చే షరతులు పేజీల కొద్దీ ఇంగ్లిష్. గల్ఫ్ నుంచి రెండేళ్లకోసారి ఇంటికొచ్చే మనిషి అవి చదివి ఏడు రోజుల గడువు తెలుసుకుంటాడని ఏ సంస్థా నిజంగా అనుకోదు. సామాను బెల్టు పక్కన, అందరూ నిలబడి ఎదురుచూసే చోట, పెద్ద తెలుగు అక్షరాల్లో మూడు వాక్యాల బోర్డు పెట్టాలని మేం కోరుతున్నాం: బ్యాగు రాకపోతే ఈ కౌంటరుకు రండి. పత్రం తీసుకోకుండా బయటికి పోవద్దు. విరిగితే ఏడు రోజుల్లో రాసి ఇవ్వండి.