అసలు పని మొదలయ్యే వేళకే మానేస్తారు

ఆందోళన ఉన్న పిల్లలు థెరపీ మధ్యలో మానేయడానికి తల్లిదండ్రుల అశ్రద్ధే కారణమని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. అంత తేలిగ్గా ఒప్పుకోలేను. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో (ఆలోచనల్ని, ప్రవర్తనని మార్చుకోవడం నేర్పే చికిత్సలో) తొలి వారాలు హాయిగానే గడుస్తాయి: కబుర్లు, బొమ్మలు, భయం ఎంతుందో మార్కులు వేయడం. ఆందోళన ఉన్న పిల్లల కోసం మనస్తత్వవేత్త ఫిలిప్ కెండాల్ రూపొందించిన ‘కోపింగ్ క్యాట్’ అనే థెరపీ పద్ధతినే చూడండి. మొత్తం 16 సెషన్లలో మొదటి సగం నేర్చుకోవడానికి, రెండో సగం భయపడే పనిని నిజంగా చేయడానికి. క్లాసులో చెయ్యెత్తి ప్రశ్న అడగాలి, కుక్క ఉన్న గదిలోకి వెళ్లాలి. సరిగ్గా అప్పుడే బిడ్డకు కడుపునొప్పి వస్తుంది. నటిస్తోందనుకోకండి, నిజంగానే వస్తుంది. ‘పోనీలే, ఈ వారం వద్దు’ అంటాం. బిడ్డ మొహం తేటపడుతుంది, మన ప్రాణమూ కుదుటపడుతుంది. తప్పించుకుంటే హాయి అన్న పాఠం ఇద్దరికీ ఒంటబడుతుంది. ఆందోళన వేళ్లూనుకునేదే అలా.

కాస్త నిద్ర పట్టి, బడికి వెళ్తుంటే ‘తగ్గిపోయిందిగా’ అని ఆపేసేవారూ ఉన్నారు. కొందరికి నిజంగా అంతే చాలు కూడా.

నాకు కోపం వచ్చేది చికిత్సకుల మీద. కష్టమైన వారాలు ముందున్నాయని, అప్పుడు మానేయాలనిపిస్తుందని మొదటి రోజే ఎందుకు చెప్పరు? మెట్టు మరీ ఎత్తయితే ఎంతవరకు చేయగలదో బిడ్డనే అడగవచ్చు కదా! అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త ఎలి లెబోవిట్జ్ రూపొందించిన ‘స్పేస్’ పద్ధతిలో సెషన్లకు వచ్చేది పిల్లలు కాదు, తల్లిదండ్రులే. రానని భీష్మించుకున్న పిల్లలున్న ఇళ్లకు అలాంటి దారి కూడా ఉందని వ్యాసంలో ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది.